పులికి క్షవరం

ఈరన్న తాగడు. పేకాడడు. కూరలో ఉప్పు మరిచిపోయినా మారుమాట లేకుండా తిని లేస్తాడు. ఇలాంటి మొగుణ్ణి పెట్టుకుని నలుగురిలో ఏమని చెప్పుకోవాలో ప్రేమలతకు తోచేది కాదు. నల్లా దగ్గర ఆడవాళ్లంతా తమ తమ మొగుళ్ల ఘనకార్యాలు ఏకరువు పెడుతుంటే, ఆమె కడిగిన బిందెనే మళ్లీ కడుగుతూ నిలబడేది. వెతగ్గా వెతగ్గా ఆమెకూ ఒకటి దొరికింది. ఈరన్న వినడు. "గోడకన్న చెప్పొచ్చు గని మా ఆయనకు చెప్పలేం" అని ఆమె కూడా అందరితో సమానంగా నిట్టూర్చేది. ఆ నిట్టూర్పుతో ఆమెకు నల్లా దగ్గర కొంచెం గౌరవం కూడా వచ్చింది.

అది నిజమేనని ఆ సోమవారం సాయంత్రం దాకా అనుకుంది.

ఆ సాయంత్రం ఆమె మేడ మీద ఎండుమిరపకాయలు చేటలోకి ఎత్తుతూ ఉంది. పక్కింటి గీత, నాగర్‌కర్నూల్‌లో బడిపంతులమ్మ, చేతిసంచీ కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా మెట్లెక్కి వచ్చింది.

"అక్కా, చిలుకకు కారం తెల్వదంట. నీకు ఎరికేనా?"

ప్రేమలత చేతిలో చేట ఆగింది.

"ఎవరు చెప్పిన్రు?"

"ఇంకెవరు, మా అన్న! మీ ఆయన! ఇయ్యాల బస్సుల చెప్తుంటే అందరం నోర్లు తెరుసుకొని కూసున్నం. కారం అనేది రుచే కాదంట, మంటంట. ఆ మంట మనకు తెలుస్తది గని పిట్టలకు తెల్వదంట. అందుకే చిలుక పచ్చి మిరపకాయను జామకాయ తిన్నట్టు తింటదంట. అబ్బబ్బ, ఎంత తెలివక్కా అన్నకు! నీకేం, రోజూ ఇంట్ల గియ్యే ముచ్చట్లుంటయి."

"ఆఁ, రోజూ గివే" అంది ప్రేమలత.

నిన్న ఆదివారం. ఇదే మేడ, ఇవే మిరపకాయలు. తొడిమెలు తీస్తూ ఆమె ఈరన్నకు ఈ చిలుక సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఆయన గోడకు ఆనుకుని అగ్గిపుల్లతో చెవి తిప్పుకుంటూ, రెండుసార్లు "ఊఁ" అన్నాడు. రెండో "ఊఁ" అగ్గిపుల్లకని ఆమె అనుకుంది.

గీత పోతూ పోతూ మెట్ల మీద నుంచి ఇంకోటి విసిరింది. "గౌసియాబీ అయితే వేరే బస్సు ఖాళీగొచ్చినా ఎక్కదక్కా. ఈరన్న బస్సే కావాలంటది. ఎంతసేపన్న నిలవడ్తది."

ఎండుమిరపకాయల కంటె ముందు ఆ పేరు ప్రేమలత కళ్లలో పడింది.

ఈరన్న కండక్టర్ డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. ఖాకీ అంగీ మేకుకు తగిలించాడు. ఆమె కంచం పెట్టి, నీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"బస్సుల ఏం ముచ్చట్లు ఇయ్యాల?"

"ఏముంటయి. టికెట్, చిల్లర" అన్నాడు ఈరన్న. అని, పప్పు కొంచెం వెయ్యమన్నట్టు కంచం జరిపాడు.

*

మరునాడు ప్రేమలత ఒక పట్టుచీర సంచీలో పెట్టుకుని వనపర్తి బస్టాండుకు వెళ్లింది. చీరకు ఫాల్ కుట్టించాలి. నాగర్‌కర్నూల్‌లో బాగా కుడతారు. ఆ చీరకు ఫాల్ కుట్టించి అప్పటికే చాలా ఏళ్లయింది, కానీ ఆ విషయం చీర బయటికి చెప్పదు.

మన్ననూర్ పోయే బస్సు ఎక్కి చివరి వరసలో కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవర్ కురుమయ్య అద్దంలో చూసి నమస్కారం పెట్టాడు. ఈరన్న మెడలో సంచీ, చేతిలో టికెట్ మిషన్‌తో ముందు నుంచి ఒక్కో సీటూ దాటుకుంటూ వచ్చాడు. ఆమె ముందు నిలబడ్డాడు. ఒక క్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆధార్ చూపించమ్మా" అన్నాడు.

"నేనెవరో తెల్వదా?"

"తెలుసు. ఆధార్ చూపియ్యాలె. చెకింగొస్తే నాకే మెమో ఇస్తరు."

ఆమె చీర మడతల్లోంచి కార్డు తీసి చూపించింది. ఆయన ఫొటోను, ఆమెను మార్చి మార్చి చూసి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి చేతిలో పెట్టాడు. "యాడికి?" అని అడిగాడు గానీ ఎందుకని అడగలేదు.

ఊరు దాటాక ఒక పెద్ద బుట్ట ముందు తలుపులోంచి లోపలికొచ్చింది. దాని వెనక గౌసియాబీ. అరటిపండ్ల బుట్టను ఇంజన్ పక్కన దించి, నడుం పట్టుకుని, "యా అల్లా" అంటూ కూలబడింది. అరవై దాటి ఉంటుంది. నోట్లో పండ్లు సగం లేవు, ఉన్న సగం తాంబూలం రంగులో ఉన్నాయి. ప్రేమలత పొద్దున్నుంచి బిగపట్టుకున్న ఊపిరి వదిలింది. వదిలి, ఇంత దూరం ఎందుకొచ్చానా అని సిగ్గుపడే లోపలే గౌసియాబీ గొంతు లేచింది.

"ఈరన్నా, చెప్పవయ్యా ఇగ! నీ ముచ్చట కోసం అచ్చంపేట బస్సు వదులుకున్న."

ఈరన్న మిషన్‌ను చంకలో ఇరికించి, కడ్డీకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం ప్రేమలత ఎప్పుడూ చూడలేదు.

"నీ బుట్టలున్నది ఏందవ్వా?"

"అరటిపండు."

"గా వెనక సంచిల ఏమున్నయి తాతా?"

"వంకాయలు" అన్నాడు ఒక ముసలాయన.

"ఎవరన్న చెప్పున్రి. అరటిపండుకూ వంకాయకూ ఏం చుట్టరికం?"

బస్సంతా తలా ఒకటి చెప్పింది. ఆయన కాదన్నాడు, కాదన్నాడు, ఒక స్టేజీలో ఇద్దర్ని దించి, ముగ్గుర్ని ఎక్కించుకుని, వాళ్ల టికెట్లు కొట్టి, అప్పుడు చెప్పాడు. "రెండూ ఒకటే జాతి పండ్లు. చెట్ల శాస్త్రం ప్రకారం వంకాయ బెర్రీ, టమాట బెర్రీ, మిరపకాయ బెర్రీ, నీ అరటిపండు గూడ బెర్రీనే. పేర్ల బెర్రీ పెట్టుకున్న స్ట్రాబెర్రీ మాత్రం బెర్రీ కాదు."

"హాయ్ అల్లా! మరి నేను రేటు పెంచాల్నా?" అంది గౌసియాబీ. బస్సు ఘొల్లుమంది.

ప్రేమలత నవ్వలేదు. వంకాయలు తరుగుతూ తను చెప్పిన మాట అది. విత్తనాలు చూపించి మరీ చెప్పింది. అప్పుడు ఆయన తన చెప్పు తెగిన సంగతి చెప్పాడు. బస్సులో ఆ తర్వాత పల్లికాయ వంతు వచ్చింది. మన పాలమూరు పొలాల్లో ఎక్కడ చూసినా కనిపించే పల్లికాయ మనది కాదనీ, కొన్ని వందల ఏండ్ల కింద అమెరికా దిక్కు నుంచి ఓడలెక్కి వచ్చిందనీ ఆయన అనగానే, పల్లి వేసే రైతులు ఇద్దరు సీట్లలోంచి లేచి కొట్లాటకు దిగారు. మిరపకాయ కూడా అంతేనని చెప్పి వాళ్లను ఇంకా రెచ్చగొట్టాడు. తరవాత మూడు గుండెలున్న ఆక్టోపస్. "నేను ఒక్క గుండెతోని ఈ రోడ్డు మీద బతుకుతున్న, దానికి మూడెందుకో" అన్నాడు. ఆ చివరి ముక్క ఒక్కటే ఆయన సొంతం. దానికే అందరికంటె ఎక్కువ నవ్వారు.

ఇదీ ఆమెను కాల్చింది. ఆయన బాగా చెబుతున్నాడు. ఎక్కడ ఆపాలో, ఎవరి ముఖం చూడాలో, స్టేజీ వచ్చేదాకా జవాబును ఎట్లా దాచాలో ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్లు కంచం ముందు "ఊఁ" అన్న మనిషి ఈయనేనా? వేరే ఆడదాని కోసమైతే పోట్లాడేది, ఏడ్చేది, గట్టు ఊళ్లో ఉన్న పుట్టింటికి పోయేది. తన మాటల కోసం తను ఎవరితో పోట్లాడాలి? చిలుక సంగతి తనదని పోలీసులకు చెప్పుకోవాలా?

వంకాయల ముసలాయన దిగబోతూ అడిగాడు. "గివన్నీ నీకు యాడ తెలుస్తయి సారూ?"

ప్రేమలత కిటికీ నుంచి తల తిప్పింది.

ఈరన్న చూపు ఒకసారి చివరి వరస దాకా వచ్చింది. అక్కడ ఆగకుండా వెనక్కి పోయింది.

"పబ్లిక్ల తిరుగుతం గద తాతా. అవే తెలుస్తయి" అన్నాడు, విజిల్ ఊది.

నాగర్‌కర్నూల్‌లో దర్జీ చీర విప్పి చూసి, "దీనికి ఫాలున్నది గదమ్మా?" అన్నాడు.

"ఉంటె ఏమాయె? దాని మీద ఇంకోటి కుట్టు" అంది ప్రేమలత.

*

బుధవారం ఆమె జొన్నరొట్టెలు చేస్తోంది. ఈరన్న వంటింటి గడపలో పీట వేసుకుని, పెనం మీద నుంచి దిగిన రొట్టెను దిగినట్టే తింటున్నాడు. నిన్నటి ప్రయాణం గురించి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. రొట్టె తట్టే చప్పుడు మాత్రం రోజుకన్నా గట్టిగా వినబడుతోంది.

"ఖాకీ అంగీకి జర గంజి పెట్టు" అన్నాడు ఈరన్న. "శ్రవణ్ కుమార్ అని ఒక పిలగాడు, ఛానెల్ నడుపుతడు. శుక్రవారం బస్సుల వీడియో తీస్తడంట. ముచ్చట్ల కండక్టర్ అని పెడ్తడంట."

"మంచిగున్నది."

"డిపోల గూడ సార్లు చూస్తరంట." రొట్టె తుంచాడు. తుంచిన ముక్కను పచ్చడిలో అటూ ఇటూ తిప్పాడు. "ఏదన్న కొత్తది ఉన్నదా?"

ఆమె చేయి రొట్టె మీదే ఆగిపోయింది. అడిగిన తీరు చూస్తే, జాడీలో ఆవకాయ ఇంకా మిగిలిందా అని అడిగినట్టుంది.

అంటే ఆయనకు తెలుసు. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిసే తీసుకుపోతున్నాడు.

పెనం మీద రొట్టె పొంగి, అక్కడక్కడ నల్లగా మాడింది. ఆమె దాన్ని తిప్పుతూ ఆ నల్లటి గీతలను చూసింది. జీబ్రా గుర్తొచ్చింది. జీబ్రా చారలు బొచ్చు వరకేనని, కింద తోలంతా నలుపేనని ఆమె ఎప్పుడో చదివింది. అది నిజం. నిజాన్ని ఈయనకు ఇచ్చేది లేదు. దాన్ని తిరగేసి ఇస్తే?

"ఉన్నది" అంది. "గని ఇది అచ్చంపేట దాటినంకనే చెప్పాలె. అడవి వచ్చినంక. పులి ముచ్చట."

ఈరన్న నమలడం ఆపాడు.

"పులికి చారలు బొచ్చుకే గాదు, తోలుకు గూడ ఉంటయి. మొత్తం గొరిగినా సరే, పులి చారలు పులికే ఉంటయి."

"నిజంగనా?"

"నేనెప్పుడన్న తప్పు చెప్పిన్నా?"

ఈరన్న నిజంగానే ఆలోచించాడు. "లేదు" అన్నాడు. "ఎన్నడు చెప్పలే."

ఆ మాట ఆమెకు కొంచెం గుచ్చుకుంది. గుచ్చుకున్నచోట రుద్దుకోకుండా ఇంకో రొట్టె తట్టింది. మన్ననూర్ దారిలో అటవీశాఖ వాళ్లు ఎవరో ఒకరు ఎక్కకుండా బస్సు పోదు. పులిని చూసినవాళ్ల ముందు పులికి క్షవరం చేస్తాడు ఈయన. వీడియోలో. గంజి పెట్టిన అంగీతో.

గంజి ఆమె బాగా చిక్కగా పెట్టింది.

*

శుక్రవారం ఆమెకు ఏ చీరా సంచీలో పెట్టుకోవాలనిపించలేదు. ఊరికే వచ్చి, అదే చివరి వరసలో కూర్చుంది. ఈరన్న ఆధార్ చూశాడు, టికెట్ ఇచ్చాడు. అంగీ గంజికి నిక్కబొడుచుకుని, చేతులు పైకెత్తినప్పుడల్లా పరపరమంటోంది. తలకు కొబ్బరినూనె రాసి పాపిడి తీసుకున్నాడు. ఆ పాపిడి చూడకుండా ఉంటే బాగుండేదని ఆమె అనుకుంది.

శ్రవణ్ కుమార్ కర్రకు ఫోన్ బిగించుకుని డ్రైవర్ వెనక నిలబడ్డాడు. నాగర్‌కర్నూల్‌లో చిలుక, పల్లికాయ బాగా పండాయి. గౌసియాబీ ఇవాళ బుట్ట అమ్ముడుపోయినా దిగకుండా, వీడియోలో పడాలని కొంగు సవరించుకుని ముందు సీట్లో కూర్చుంది. అచ్చంపేటలో జనం మారారు. ఖాకీ ప్యాంటు వేసుకున్న మల్లయ్య అనే అటవీశాఖ మనిషి ఎక్కాడు. అతని వెనక ఒక యువతి భుజాన బరువైన సంచీతో ఎక్కి, మూడో వరసలో కూర్చుని, చెవుల్లో తీగలు పెట్టుకుంది.

ఇళ్లు అయిపోయి చెట్లు మొదలయ్యాయి. ఈరన్న గొంతు సవరించుకున్నాడు.

"ఇగ మనం ఎవరి ఊర్లకు పోతున్నమో తెలుసు గద. పెద్దాయన ఊరు. పెద్దాయన అంగీ మీద గీతలుంటయి. అవునా? మరి ఆ అంగీ ఇడిస్తే కింద ఏముంటది?"

"తోలుంటది" అన్నారు ఎవరో.

"ఆ తోలు ఏ రంగు?"

తెలుపన్నారు, పసుపన్నారు. ఆయన ఎప్పటిలాగే ఆగాడు. కడ్డీకి ఆనుకున్నాడు. చెప్పాడు.

 మల్లయ్య పగలబడి నవ్వాడు.

"సారూ, పులిని గొరిగిందెవరు? గొరిగినోడు ఇంకా బతికే ఉన్నడా?"

బస్సు కదిలిపోయింది నవ్వుతో. "కటింగేనా, గడ్డం గూడనా?" అన్నాడొకడు. "కూసోమంటే కుర్చీల కూసుందా?" అన్నాడు ఇంకొకడు. "ఏందన్నా, ఇది జర ఎక్కువైంది" అంది గౌసియాబీ కూడా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఇరవై ఏండ్ల సంది అడవిల తిరుగుతున్న. గిట్లాంటిది ఇనలే" అన్నాడు మల్లయ్య కళ్లు తుడుచుకుంటూ. "గా పల్లికాయ ముచ్చట గూడ గిట్లాంటిదేనేమో తియ్యి."

శ్రవణ్ కుమార్ ఫోన్‌ను ఈరన్న ముఖానికి ఇంకా దగ్గరగా తెచ్చాడు.

తను కోరుకున్నది ఇదే. ఇంత పెద్దగా, ఇంత చక్కగా జరుగుతుందని కూడా అనుకోలేదు. కానీ ప్రేమలత కళ్లు ఈరన్న బొటనవేలి మీదే ఉన్నాయి. అది మిషన్ మీద ఏదో మీట నొక్కుతోంది, ఏ టికెట్టూ రావడం లేదు, అయినా నొక్కుతోంది. నవ్వులాటకన్నానని అనొచ్చు కదా, అనుకుంది. అనెయ్యి. అయిపోతుంది.

"నవ్వున్రి" అన్నాడు ఈరన్న. "గీ ముచ్చట మా ఆమె చెప్పింది."

ఆమె ఒళ్లు భగ్గుమంది. మెచ్చుకోలు వచ్చినన్నాళ్లూ పబ్లిక్. నగుబాటు రాగానే పెండ్లామా!

"మా ఆమె బీయస్సీ చదివింది" అన్నాడు ఈరన్న. గొంతులో ఎప్పటి ఊపు లేదు. ఇంట్లో మాట్లాడినట్టే ఉంది. "ఈ ఒక్కటే గాదు. పల్లికాయ, అరటిపండు, చిలుక, అన్నీ గామె చెప్పినయే. నాకు సొంతంగ ఏం తెల్వదు. ఇన్నేండ్లల్ల ఆమె ఒక్కటి గూడ తప్పు చెప్పలే. మీకు తెల్వకుంటే తెల్వదనున్రి. అబద్ధమనకున్రి. ఇగో, గా ఎనక సీట్ల కూసున్నది."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ప్రేమలతకు కొంగు ఎక్కడుందో దొరకలేదు.

"అన్నా, ఒక్క నిమిషం."

మూడో వరసలోని యువతి చెవుల్లోంచి తీగలు తీసేసింది. "నా పేరు హీనా. పశువుల డాక్టర్ని. అడవి జంతువుల వైద్యంల ట్రైనింగ్ చేసిన. మీ ఆమె చెప్పింది కరెక్టే. పులికి దెబ్బ తగిలితే కుట్లెయ్యాలంటే మత్తిచ్చి ఆ జాగల బొచ్చు గొరుగుతం. కింద తోలు మీద గూడ అవే చారలుంటయి. నా కండ్లతోని చూసిన." నవ్వి, మల్లయ్య వైపు తిరిగింది. "గొరిగినోళ్లం బతికే ఉన్నం భయ్యా. జీబ్రాకు గట్లుండదు. దాని తోలంతా నలుపే."

జీబ్రా సంగతి ప్రేమలతకు తెలుసు.

"అవునా మేడం?" అన్నాడు మల్లయ్య. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. గౌసియాబీ ఊగుతున్న బస్సులో సీటు సీటు పట్టుకుంటూ చివరిదాకా వచ్చి, బుట్టలో తన కోసం మిగుల్చుకున్న అరటిపండు తెచ్చి ప్రేమలత చేతిలో పెట్టింది. "ఇన్ని దినాలు నీ ముచ్చట్లా బేటీ నేనిన్నది! వీడు ఒక్కనాడన్న చెప్పలేదు చూడు."

శ్రవణ్ కుమార్ ఫోన్ ఇటు తిరిగింది. చిన్న ఎర్రచుక్క ఆమెనే చూస్తోంది. బస్సంతా ఆమెనే చూస్తోంది. కావలసింది ఇదే కదా. చదివాను అంటే చాలు. ఎక్కడ చదివావని ఎవరూ అడగరు.

"అమ్మా, డిపార్ట్‌మెంటోళ్లకే తెల్వని ముచ్చట మీకెట్ల తెలిసిందమ్మా?" అని అడిగాడు శ్రవణ్ కుమార్.

ఆమె ఈరన్నను చూసింది. కడ్డీ పట్టుకుని, నవ్వుతున్నాడు. తను పాస్ అయినట్టు నవ్వుతున్నాడు. గంజి అంగీ చెమటకు వీపున అంటుకుపోయింది.

"నాకు తెల్వదు" అంది ప్రేమలత.

"అంటే?"

"అంటే తెల్వదు. నేను అల్లి చెప్పిన. అది నిజమవుతదని నాకేం ఎరుక?"

మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర కురుమయ్య బస్సు ఆపాడు. ఇంజన్ చప్పుడు పోయాక ఆమె గొంతు మరీ పెద్దగా వినబడింది. "నా మాటలన్నీ పబ్లిక్ల దొరికినయన్నడు. గందుకే, మీ అందరి ముందల నవ్వులపాలు గావాల్నని, ఒక అబద్ధం ఏరి ఇచ్చిన."

ఎవరూ దిగలేదు. గౌసియాబీ అరటిపండు వైపు, ప్రేమలత వైపు చూసి, ఇచ్చింది ఇచ్చిందే అన్నట్టు చేతులు ముడుచుకుంది.

ఈరన్న సీట్ల మధ్య నుంచి నాలుగు అడుగులు వెనక్కి వచ్చాడు.

"మరి పల్లికాయ?"

"నిజమే."

"చిలుక?"

"అది గూడ నిజమే."

"ఆక్టోపస్‌కు మూడు గుండెలు?"

"మూడే."

"గిదొక్కటే?"

"గిదొక్కటే" అంది ప్రేమలత. ఫోన్ వైపు కాదు, ఆయన వైపు చూస్తూ అంది. "గిదొక్కటి తప్పు చేసిన. తప్పు నాదే."